కంటికి ఇంజెక్షన్ వేయించారు... మరి ప్రెషర్ చూపించారా?

మీ ఇంట్లో పెద్దవాళ్ల బీపీ ఎంతో అడగండి, టక్కున చెబుతారు. షుగర్ అడిగితే తినకముందు ఎంత, తిన్నాక ఎంత అని రెండు లెక్కలూ చెబుతారు. అదే 'కంటి ప్రెషర్ ఎంత?' అని అడగండి. చాలా ఇళ్లలో జవాబు ఉండదు. రెండు మూడు నెలలకోసారి కంట్లో ఇంజెక్షన్ వేయించుకుంటున్నవారి ఇళ్లలోనూ ఉండదు. ఇంజెక్షన్ బిల్లు ఎంతైందో గుర్తుంటుంది, ఏ కంటికి వేశారో గుర్తుంటుంది. ఆ కంటి లోపలి ఒత్తిడి ఎంతో మాత్రం ఫైల్లో ఎక్కడో ఓ మూల అంకెగా మిగిలిపోతుంది. కొన్నిసార్లు ఆ అంకె కూడా ఉండదు.

మెదక్ జిల్లా శివ్వంపేట నుంచి ఈ విషయాన్ని చూద్దాం. అరవై దాటిన ఓ పెద్దాయన ఉన్నాడనుకోండి. పదిహేనేళ్లుగా షుగర్. చూపు మసకబారితే ముందు కళ్లద్దాలు మార్చారు, తర్వాత శుక్లం అనుకున్నారు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్తే రెటీనాలో నీరు చేరిందన్నారు, ఇంజెక్షన్ వేయాలన్నారు. ఇక్కడి నుంచి నర్సాపూర్ మీదుగా వెళ్లినా, తూప్రాన్ మీదుగా వెళ్లినా ఓ రోజు పోయినట్టే. తోడుగా కొడుకు రావాలి, ఆ రోజు అతని పని ఆగిపోతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి భార్య తోడు వెళ్లడం కాస్త తేలికైంది. ఇంజెక్షన్ అయింది, ఇంటికొచ్చారు. నాలుగు రోజులు చుక్కలు వేశారు. చూపు మెరుగైంది. 'మళ్లీ మూడు నెలలకు రమ్మన్నారు' అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఈ మూడు నెలల మధ్యలో ఆ కంటి ప్రెషర్ ఎవరు చూస్తారు? ఈ వారం మనం మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

ఇంతమందికి ఈ సూది ఎందుకు?

ఇరవై ఏళ్ల కిందట కంట్లో ఇంజెక్షన్ అంటే చాలా అరుదు. ఇప్పుడు రెటీనా ఆసుపత్రుల్లో రోజూ జరిగే పని. షుగర్ వల్ల రెటీనా మధ్యలో నీరు చేరినా, రెటీనా రక్తనాళం మూసుకుపోయినా, వయసు వల్ల రెటీనా మధ్యభాగం దెబ్బతిని రక్తం కారినా ఇదే ముఖ్యమైన వైద్యం. కంట్లో పాడు రక్తనాళాలు పెరగడానికి, వాటి నుంచి నీరు కారడానికి కారణమయ్యే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను ఈ మందులు అడ్డుకుంటాయి. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ అని బిల్లుల్లో కనిపించే పేర్లు ఇవే. ఇవి కాకుండా ట్రయామ్‌సినలోన్, డెక్సామెథసోన్ ఇంప్లాంట్ వంటి స్టెరాయిడ్లు రెండో రకం.

దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. షుగర్ ఉన్న ప్రతి ఎనిమిది మందిలో సుమారు ఒకరికి రెటీనా దెబ్బతిన్న ఛాయలున్నాయని దేశంలో జరిగిన మరో పెద్ద సర్వే చెబుతోంది. అందరికీ ఇంజెక్షన్ అక్కర్లేదు. అయినా ఈ సూది మీ ఇంటి గడప తొక్కే అవకాశం పదేళ్ల కిందటి కంటే ఇప్పుడు చాలా ఎక్కువ.

చుక్క మందుకే అంత ఒత్తిడా?

కన్ను నీళ్లు నింపిన గట్టి బంతి లాంటిది. లోపల జెల్లీలా ఉండే పదార్థం సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే టీస్పూన్‌కు కాస్త తక్కువ. మామూలుగా కంటి లోపలి ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల మెర్క్యురీ మధ్య ఉంటుంది. ఇంజెక్షన్‌లో వేసేది సాధారణంగా 0.05 మిల్లీలీటర్లు. చుక్కల మందు సీసా నుంచి పడే ఒక్క చుక్కంత.

ఒక్క చుక్కకే ఏమవుతుందని అనిపిస్తుంది. గాలి నిండుగా ఉన్న సైకిల్ ట్యూబుకు ఇంకో రెండు పంపులు కొట్టి చూడండి, వెంటనే రాయిలా బిగుసుకుంటుంది. కన్ను కూడా అంతే. పక్కకు సాగే చోటు లేదు కాబట్టి సూది వేసిన క్షణంలో ప్రెషర్ 40 దాటడం మామూలే, కొందరిలో ఇంకా పైకి పోతుంది. కంటి నుంచి నీరు బయటికి పోయే దారి బాగుంటే కొద్దిసేపట్లోనే తగ్గడం మొదలవుతుంది. చాలామందిలో పదిహేను నిమిషాల నుంచి అరగంటలోపు 30 కిందికి వస్తుంది, గంట గడిచేసరికి దాదాపు మామూలైపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న కంటి నరం ఈ కొద్దిసేపటి ఒత్తిడిని తట్టుకుంటుంది. కానీ అందరి కళ్లూ ఒకలా ఉండవు. నీటికాసులు, అంటే గ్లాకోమా ఉన్నవారిలో కంటి నరం ముందే బలహీనపడి ఉంటుంది, నీరు బయటికి పోయే దారి కూడా సరిగా పనిచేయదు. కంటి సైజు చిన్నగా ఉండి ప్లస్ పవర్ అద్దాలు వాడేవారిలో అదే చుక్క ఎక్కువ ఒత్తిడి తెస్తుంది. ప్రెషర్ మరీ ఎక్కువైతే రెటీనాకు రక్తం అందించే నాళం నొక్కుకుపోతుంది. అప్పుడు చూపు ఒక్కసారిగా చీకటైపోతుంది. ఇది అరుదు, కానీ నిమిషాల్లో సరిచేయాల్సిన స్థితి.

ఇంజెక్షన్ వేసిన వెంటనే డాక్టర్ మీ ముఖం ముందు వేళ్లు పెట్టి 'ఎన్ని?' అని అడిగేది అందుకే. అది మాటవరసకు అడిగే ప్రశ్న కాదు. వేళ్లు కనిపించాయంటే రెటీనాకు రక్తం అందుతున్నట్టు. కనిపించకపోతే, చూపు చీకటైతే మొహమాటపడకుండా అక్కడే గట్టిగా చెప్పండి.

డాక్టర్లు ఎలా అదుపు చేస్తారు?

ప్రెషర్ పెరిగే ప్రమాదం ఉన్నవారికి కొన్ని జాగ్రత్తలున్నాయి. ఇంజెక్షన్‌కు ముందు ప్రెషర్ తగ్గించే చుక్కలు వేయడం ఒకటి. టిమోలాల్, బ్రైమోనిడిన్, డోర్జోలమైడ్ ఈ రకం మందులు. ఎసిటజోలమైడ్ మాత్ర ఇవ్వడం ఇంకొకటి. ఇవి ఒత్తిడి ఎగబాకడాన్ని పూర్తిగా ఆపవు, కొంత తగ్గిస్తాయి. అందుకే అందరికీ ఇవ్వరు, అవసరమైనవారికే ఇస్తారు.

ఇక్కడ మీ వైపు నుంచి చెప్పాల్సిన మాటలున్నాయి. ఆస్తమా ఉంటే, గుండె నెమ్మదిగా కొట్టుకునే సమస్య ఉంటే టిమోలాల్ చుక్కలు కూడా ఇబ్బంది పెట్టగలవు. కిడ్నీ సమస్య ఉన్నా, సల్ఫా మందులు పడకపోయినా ఎసిటజోలమైడ్ విషయంలో జాగ్రత్త అవసరం. 'కంటి డాక్టర్‌కు ఆయాసం సంగతి ఎందుకు?' అనుకోకండి. కచ్చితంగా చెప్పాలి.

కొందరు డాక్టర్లు సూదికి ముందు దూదిపుల్లతో కంటిని మెల్లగా నొక్కి కాస్త మెత్తబరుస్తారు. ప్రెషర్ ప్రమాదకరంగా పెరిగి చూపు పోయినప్పుడు కంటి ముందుభాగం నుంచి సన్నని సూదితో కాస్త నీరు తీసేస్తారు. దాంతో ఒత్తిడి వెంటనే దిగుతుంది. కానీ ఇది కంట్లో ఇంకో గుచ్చు. ఇన్‌ఫెక్షన్‌కు, కంటి లెన్సు దెబ్బతినడానికి కొద్దిపాటి అవకాశం ఉంటుంది కాబట్టి ప్రతిసారీ చేయరు.

ఇదంతా ఆసుపత్రి గోడల మధ్య, డాక్టర్ కళ్లముందు జరుగుతుంది. అరగంట ఆగి, చూపు బాగుందని చెప్పి వస్తే ఈ మొదటి ప్రమాదం దాదాపు గడిచినట్టే. శివ్వంపేట బస్సు దొరకదేమోనని ఆ అరగంటను ఎగ్గొట్టకండి.

అసలు చిక్కు ఇంటికొచ్చాకే

రెండో రకం ఒత్తిడి చడీచప్పుడూ లేకుండా వస్తుంది. స్టెరాయిడ్ వేసిన కంట్లో కొన్ని వారాల తర్వాత ప్రెషర్ పెరగొచ్చు. ట్రయామ్‌సినలోన్ వేయించుకున్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి ఇలా జరుగుతుంది. డెక్సామెథసోన్ ఇంప్లాంట్‌తోనూ చెప్పుకోదగ్గ సంఖ్యలో జరుగుతుంది, సాధారణంగా రెండు నెలల దగ్గర గరిష్ఠానికి చేరి ఆరు నెలలకు దిగుతుంది. ఎక్కువమందికి చుక్కల మందుతోనే అదుపులోకి వస్తుంది. ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే. కానీ చుక్కలు వేయాలన్నా ముందు ఎవరో ఒకరు కొలవాలి కదా!

ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవారికి, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారికి ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ. స్టెరాయిడ్ కాని ఇంజెక్షన్లు పదేపదే వేయించుకున్నవారిలోనూ కొద్దిమందికి ప్రెషర్ పెరిగి అలాగే నిలిచిపోవడం డాక్టర్లు గమనించారు.

ఇలా మెల్లగా పెరిగే ప్రెషర్‌కు నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మధ్య చూపు బాగానే ఉంటుంది. పక్క చూపు కొంచెం కొంచెం తినేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. రెటీనాను కాపాడుకోవడానికి వేలకు వేలు ఖర్చుపెట్టి, పక్కనే ఉన్న కంటి నరాన్ని పట్టించుకోకపోవడమంటే ఇదే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. దూరం నుంచి వచ్చేవారికి, నెలనెలా రాలేనివారికి డాక్టర్లు కొన్నిసార్లు స్టెరాయిడ్ ఇంప్లాంట్ సూచిస్తారు. ఒకసారి వేస్తే మూడు, నాలుగు నెలలు పనిచేస్తుంది, బస్సు ప్రయాణాలు తగ్గుతాయి. పల్లె కుటుంబానికి అది నిజంగా మేలే. కానీ ప్రయాణాలు తగ్గించే ఈ మందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ప్రెషర్ పరీక్ష తప్పనిసరి. 'మూడు నెలల దాకా రానక్కర్లేదు' అన్న మాట కుటుంబానికి గుర్తుంటుంది. 'మధ్యలో ఒకసారి ప్రెషర్ చూపించుకోండి' అన్న మాట జారిపోతుంది. ఎవరు ఎంత దూరంలో ఉంటే వారికి అంత ముప్పు.

కొత్త మందులు, చౌక మందులు

ఇంజెక్షన్ల మధ్య విరామం పెంచడమే ఇప్పుడు మందుల కంపెనీల పందెం. ఫారిసిమాబ్‌కు 2022లో, ఎక్కువ మోతాదు అఫ్లిబర్‌సెప్ట్‌కు 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది. కొందరిలో ఇవి మూడు, నాలుగు నెలల దాకా పనిచేస్తాయి. ఎక్కువ మోతాదు అఫ్లిబర్‌సెప్ట్‌లో వేసేది 0.07 మిల్లీలీటర్లు, అంటే పాతదానికంటే నలభై శాతం ఎక్కువ ద్రవం. నీటికాసులు ఉన్నవారు ఈ మందు గురించి అడిగేటప్పుడు ప్రెషర్ సంగతి కూడా అడగడం మంచిది.

ధర ఇంకో పెద్ద విషయం. బెవాసిజుమాబ్ అసలు క్యాన్సర్ మందు. పెద్ద సీసాను చిన్న మోతాదులుగా విడగొట్టి కంటికి వాడతారు కాబట్టి చాలా చౌక. ఖరీదైన రానిబిజుమాబ్‌తో సమానంగా పనిచేస్తుందని 2011లో అమెరికా అధ్యయనం చూపింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలోనే తయారైన రానిబిజుమాబ్ 2015లో మార్కెట్లోకి వచ్చాక ఆ మందు ధర కూడా కొంత అందుబాటులోకి వచ్చింది. చౌక మందు వేశారని దిగులుపడక్కర్లేదు. అయితే విడగొట్టడంలో శుభ్రత తప్పినా, నకిలీ సీసా వచ్చినా ప్రమాదమే. 2023 సెప్టెంబరులో పాకిస్థాన్‌లోని పంజాబ్‌లో ఇలాంటి ఇంజెక్షన్ల వల్ల పదుల మంది చూపు దెబ్బతింది. మందు పేరు, బ్యాచ్ నంబరు మీ ఫైల్లో రాయించుకోవడం మీ హక్కు.

మల్కాపూర్‌లో మొదలైంది ముందుకు సాగాలి

కంటి పరీక్షలను ఊరి దాకా తీసుకెళ్లడం అసాధ్యం కాదు. మెదక్ జిల్లావారికి ఆ మాట ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. కంటి వెలుగు కార్యక్రమం 2018 ఆగస్టు 15న మొదలైంది ఈ జిల్లాలోనే, తూప్రాన్ మండలం మల్కాపూర్‌లో. ఆ విడతలో రాష్ట్రమంతటా కోటిన్నర మందికి పైగా కళ్లు చూపించుకున్నారు. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత ప్రారంభమైంది. ఊళ్లోనే పరీక్ష, ఊళ్లోనే కళ్లద్దాలు అన్నది ఆ కార్యక్రమం బలం.

అక్కడ ప్రధానంగా చూసింది చూపును, అద్దాల అవసరాన్ని. ప్రెషర్ వేరే లెక్క. అక్షరాల చార్టు అంతా చదివిన మనిషికీ నీటికాసులు ఉండొచ్చు. 1990ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన పెద్ద సర్వే ఒక చేదు నిజం బయటపెట్టింది. నీటికాసులు ఉన్న పదిమందిలో తొమ్మిది మందికి పైగా తమకు ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. అలాంటి కంటికి ఇంజెక్షన్ మొదలుపెట్టాల్సి వస్తే అసలు లెక్క ఎక్కడి నుంచి తీయాలి?

ప్రెషర్ కొలిచే చేతి యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. కొన్నింటికి మత్తు చుక్క కూడా అక్కర్లేదు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. శిక్షణ పొందిన సిబ్బంది చాలు, ప్రతిసారీ రెటీనా స్పెషలిస్టు ఉండనక్కర్లేదు. పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టి, శిక్షణ పొందిన టెక్నీషియన్‌తో తొలి పరీక్ష చేయించి, అవసరమైనవారినే పెద్దాసుపత్రికి పంపే పద్ధతి తెలుగు నేల మీదే రూపుదిద్దుకుంది. ఊళ్లో ఇవాళ బీపీ, షుగర్ చూస్తున్నారు. అదే జాబితాలో, కనీసం షుగర్ ఉన్నవారికి, కంట్లో ఇంజెక్షన్ పడినవారికి ప్రెషర్ పరీక్ష చేర్చాలి. నియోజకవర్గానికి ఒకటి రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజు ఈ పరీక్ష పెట్టినా శివ్వంపేట పెద్దాయనకు హైదరాబాద్ ప్రయాణం ఒకటి తప్పుతుంది. దాన్ని మించి, కంటి నరం మిగులుతుంది.

హైదరాబాద్ ఆసుపత్రుల వంతు కూడా ఉంది. ఇంజెక్షన్ వేసి పంపేటప్పుడు 'ఫలానా తేదీకి ప్రెషర్ చూపించుకోవాలి' అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసివ్వడానికి ఖర్చేమీ కాదు.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్నది

ముందుగా ఒక మాట. ఇదంతా చదివి ఇంజెక్షన్ మానేయకండి. సమయానికి సూది పడకపోతే రెటీనా చూపు పోతుంది. ప్రెషర్ భయం కంటే ఆ నష్టం చాలా పెద్దది. చేయాల్సింది ఇంజెక్షన్ మానడం కాదు, ప్రెషర్ లెక్క పెట్టుకోవడం.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఏ కన్ను, ఏ మందు, ఇంజెక్షన్‌కు ముందు ప్రెషర్ ఎంత, తర్వాతి పరీక్షలో ఎంత, అంతే. ఏ సమయంలో, ఏ యంత్రంతో కొలిచారో కూడా రాయండి. ప్రెషర్ రోజులోనే మారుతుంటుంది, యంత్రాన్ని బట్టీ కాస్త తేడా వస్తుంది.

మొదటి ఇంజెక్షన్‌కు ముందే మూడు ప్రశ్నలు అడగండి. ఇది స్టెరాయిడా, కాదా? ఇప్పుడు నా ప్రెషర్ ఎంత, కంటి నరం ఎలా ఉంది? మళ్లీ ప్రెషర్ ఎప్పుడు చూపించాలి? స్టెరాయిడ్ అయితే ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద గుండ్రంగా గీత గీసి పెట్టండి. హైదరాబాద్ వెళ్లలేకపోతే మీకు దగ్గర్లో ఉన్న కంటి డాక్టర్ దగ్గర ప్రెషర్ కొలిపించుకుని, ఆ కాగితం ఫొటోను ఇంజెక్షన్ వేసిన ఆసుపత్రికి వాట్సాప్‌లో పంపొచ్చా అని ముందే అడిగి ఉంచుకోండి.

నీటికాసుల చుక్కలు ముందే వాడుతుంటే ఇంజెక్షన్ రోజు ఉదయం కూడా మానకండి, బీపీ మాత్రలూ మానకండి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క కంటి మూలను ఒక నిమిషం వేలితో నొక్కి ఉంచితే మందు గొంతులోకి దిగిపోదు.

ఇంజెక్షన్ అయ్యాక కన్ను నలపకూడదు. తలస్నానం ఎప్పుడు చేయాలో డాక్టర్‌ను అడగండి, అప్పటిదాకా కంట్లో నీళ్లు పడనీయకండి. తెల్లగుడ్డు మీద చిన్న ఎర్ర మచ్చ, ఒకటి రెండు రోజులు నలుసులు తేలినట్టు కనిపించడం మామూలే. కానీ అదే రోజు తీవ్రమైన నొప్పి, వాంతులు, చూపు చీకటవడం ఉంటే ప్రెషర్ అనుమానించాలి. రెండు మూడు రోజుల తర్వాత నొప్పి, ఎరుపు పెరిగి, చూపు తగ్గుతుంటే ఇన్‌ఫెక్షన్ కావొచ్చు. రెండింట్లో దేనికీ తెల్లారే దాకా ఆగొద్దు. ఊళ్లో మందుల షాపులో చుక్కలు కొని వేయొద్దు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఉన్న ప్రెషర్ ఇంకా పెరుగుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పాత ఫైలు తీయండి. చివరిసారి కంటి ప్రెషర్ ఎప్పుడు చూశారో వెతకండి. ఆ అంకె దొరికితే నోటు పుస్తకంలో మొదటి వరుసలో రాయండి. దొరక్కపోతే, సోమవారం చేయాల్సిన మొదటి పని ఏమిటో మీకు తెలిసిపోయినట్టే.